ఏడున్నర గంటల భోజనం

"నాన్నా, నువ్వు రాత్రిపూట అన్నం తింటావా?" అని మా అమ్మాయి ఒక శుక్రవారం ఉదయం నన్ను అడిగింది. అప్పుడు దానికి ఏడేళ్ళు. ఎగతాళికి అడిగిన ప్రశ్న కాదు. నిజంగా తెలియకే అడిగింది. నేను రాత్రి భోజనం చెయ్యడం అది ఎన్నడూ చూడలేదు మరి.

ఈ దేశాల్లో ప్రైవేటు క్లినిక్కుల్లో పనిచేసే డాక్టర్ల సంగతి చాలామందికి తెలిసిందే. పొద్దున్న తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఒక విడత, సాయంత్రం నాలుగున్నర నుంచి తొమ్మిది దాకా ఇంకో విడత. ఆఖరి రోగిని చూసి, కాగితాలు రాసి, అల్ ఖౌద్‌లో మేముండే వాటాకి చేరేసరికి తొమ్మిదిన్నర, ఒక్కోసారి పది. అమ్మాయి ఎనిమిదిన్నరకే నిద్రపోతుంది. మా ఆవిడ ఇక్కడొక బడిలో లెక్కలు చెబుతుంది. తెల్లవారుజామున అయిదింటికి లేవాలి. అయినా సరే, పాపకి ఏడింటికి అన్నం పెట్టి, తాను మాత్రం నా కోసం కూర్చునేది. ఆకలి ఆపుకోవడానికి ఒక కప్పు టీ, రెండు బిస్కట్లు. తొమ్మిదింటికి ఇంకో కప్పు టీ. నేను వచ్చాక పప్పు, కూర, పులుసు అన్నీ మళ్ళీ వేడిచేసి వడ్డించేది. పదిన్నరకి కడుపునిండా అన్నం తిని, పదకొండింటికి పడుకునేవాణ్ణి. పగలంతా నా దగ్గరికొచ్చే చక్కెర రోగులకి "రాత్రి భోజనం తొందరగా చెయ్యండి, పడుకోబోయే ముందు తినకండి" అని నేను చెప్పే మాటలు ఆ వేళకి నాకు గుర్తుండేవి కావు.

ఆ నెలలోనే, అంటే 2023 అక్టోబరులో, ఇద్దరం రక్తపరీక్షలు చేయించుకున్నాం. నా హెచ్‌బీ ఏ వన్ సీ 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే మధుమేహం ఇంకా రాలేదు గాని గుమ్మం దాకా వచ్చిందని అర్థం. నాకు ముప్పయ్యేడేళ్ళు. లావుగా కూడా ఉండను. మన భారతీయులకి తక్కువ బరువులోనే, తక్కువ వయసులోనే ఈ జబ్బు వస్తుందని నాకు పుస్తకాల్లో తెలుసు. నా కాగితం మీద చూడడం వేరు. మా ఆవిడ హిమోగ్లోబిన్ 9.4. ఆడవాళ్ళకి 12 ఉండాలి. ఇనుము తక్కువ. దానికి నెలసరి ఒక కారణం. ఆకలి వేళ టీతో సరిపెట్టుకుని, ఆఖర్న మిగిలింది తినడం ఇంకో కారణం. ఆ రెండో కారణానికి నేనే బాధ్యుణ్ణి. డాక్టరు ఇంట్లో ఇది రెండేళ్ళపాటు జరిగింది.

పై అధికారుల్ని అడిగితే వారానికి రెండు రోజులు ఏకబిగిన డ్యూటీ ఇచ్చారు. ఆది, మంగళవారాలు ఉదయం ఎనిమిదింటికి వెడితే సాయంత్రం అయిదుకల్లా వదిలేస్తారు. ఒమాన్‌లో 2013 నుంచి సెలవులు శుక్ర, శనివారాలు గనక ఆదివారమంటే ఇక్కడ పనివారం మొదలు. ఈ రెండు రోజులూ మా ఆవిడ వంటింట్లోకి రాకూడదనీ, నేనే వండుతాననీ, ఏడున్నరకి ముగ్గురం కలిసి కూర్చుని తింటామనీ ప్రకటించాను. మా ఆవిడ నవ్వలేదు. "గిన్నెలు కూడా మీరే తోమాలి మరి" అంది.

నాకు వచ్చిన వంట ఏమిటయ్యా అంటే, హాస్టల్లో నేర్చుకున్న కోడిగుడ్డు అట్టు. పప్పు, పులుసు, వేపుడు నలభై నిమిషాల్లో తెమిలే పని కాదు. పాపనే అడిగాను, ఏం కావాలని. "చికెన్ పాస్తా" అంది. ఎవరో స్నేహితురాలి పుట్టినరోజుకి తిన్నదట.

మొదటి ఆదివారం జరిగినది చెప్పడానికి సిగ్గేస్తుంది. పెట్టె మీద పన్నెండు నిమిషాలని రాసి ఉంటే, మన అన్నం లెక్కన మెత్తగా ఉడకాలి కదా అని ఇరవై నిమిషాలు ఉంచాను. అది జావకీ ముద్దకీ మధ్యలో ఒక పదార్థం అయింది. కోడి రొమ్ముమాంసం ముక్కలు వేరే మూకుట్లో అరగంట వేయిస్తే రబ్బరులాగా సాగాయి. పాప రెండు ముద్దలు తిని, పెరుగన్నం పెట్టమంది. మా ఆవిడ మాత్రం పళ్ళెం ఖాళీ చేసింది. ఆవిడ ఏడున్నరకి భోంచేసి చాలా కాలమైంది కాబోలు.

మమ్మల్ని గట్టెక్కించింది కింది వాటాలో ఉండే ఒమానీ పెద్దావిడ. మేమంతా ఆవిణ్ణి ఖాలా అంటాం. పాప ఆవిడ మనవరాళ్ళతో ఆడుకుంటూ మా ఇంటి వంట భాగోతం చెప్పేసినట్టుంది. మంగళవారం మగ్రిబ్ నమాజు అయ్యాక ఒక గిన్నెతో మకరోనీ పంపింది. కోడి, టమాటా, దాల్చినచెక్క వాసనలతో అచ్చం బిర్యానీకి చెల్లెలిలా ఉంది. మర్నాడు అడిగితే రహస్యం చెప్పింది. పాస్తాని వేరే నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబొయ్యడమెందుకు? మక్బూస్ అన్నానికి మల్లే కోడి ఉడికిన రసంలోనే వెయ్యాలి. అందులో ఒక లూమీ కాయ పడాలి. లూమీ అంటే ఉప్పునీళ్ళలో మరగబెట్టి ఎండలో నల్లగా ఎండబెట్టిన నిమ్మకాయ. మన చింతపండు చేసే పని ఇక్కడ అది చేస్తుంది.

అక్కణ్ణుంచి నా చేతిలో స్థిరపడ్డ పద్ధతి ఇది. నాలాంటి అసమర్థులు ఎవరైనా ఉంటే ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

నలుగురికి అరకిలో ఎముకలేని కోడి తొడమాంసం. రొమ్ముమాంసం తొందరగా ఎండిపోతుంది. తొడమాంసం మనం నాలుగు నిమిషాలు అటూ ఇటూ అయినా క్షమిస్తుంది. క్లినిక్కుకి వెళ్ళేముందే ముక్కలకి ఉప్పు, మిరియాలపొడి, అరచెంచా కారం, కొంచెం పసుపు పట్టించి ఫ్రిజ్‌లో పెడతాను. సాయంత్రం అడుగు మందంగా ఉన్న వెడల్పు గిన్నెలో రెండు చెంచాల నూనె వేడిచేసి, ముక్కల్ని కదపకుండా ఒక్కో వైపు మూడు నిమిషాలు కాల్చి తీసి పక్కన పెడతాను. కదిపితే నీళ్ళు వదులుతాయి. అదే గిన్నెలో రెండు ఉల్లిపాయలు, ఆరు వెల్లుల్లి రెబ్బలు, ఒక దాల్చినచెక్క ముక్క వేయించి, నాలుగు టమాటాలు తరిగి వేస్తాను. అవి మగ్గాక మూడు గ్లాసుల నీళ్ళు, అంటే ముప్పావు లీటరు, తగిన ఉప్పు, కత్తితో రెండు పోట్లు పొడిచిన లూమీ ఒకటి. నీళ్ళు మరిగాక 300 గ్రాముల గొట్టాల పాస్తా వేసి మూతపెట్టి, మధ్యమధ్య కలుపుతూ ఎనిమిది నిమిషాలు. అప్పుడు కోడిముక్కలు, వాటి నుంచి కారిన రసంతో సహా, గుప్పెడు పాలకూరతో కలిపి మళ్ళీ గిన్నెలో వేసి ఇంకో అయిదు నిమిషాలు. అన్నిటికన్నా పెద్ద ముక్కని తుంచి చూస్తే లోపల ఎరుపు ఉండకూడదు. లెక్కప్రకారం లోపలి వేడి 74 డిగ్రీలు తాకాలి. లూమీని తీసి పారెయ్యాలి. మరచిపోతే చేదెక్కుతుంది. పైన కొత్తిమీర. మొత్తం నలభై నిమిషాలు, ఒకే గిన్నె. తోమేవాడు నేనే గనక ఆ ఒకే గిన్నె సంగతి నాకు ముఖ్యం.

ఇక్కడ డాక్టరుగా రెండు మాటలు. కోడిని కుళాయి కింద పెట్టి కడిగితే అందులోని కాంపైలోబాక్టర్ లాంటి సూక్ష్మజీవులు చిందిన నీళ్ళతో వంటగట్టంతా పరుచుకుంటాయి. ఉడికితే అవి ఎలాగూ చస్తాయి. పక్కనున్న కీరా ముక్కల మీద పడినవి మాత్రం చావవు. పాస్తా సంగతి. గట్టి గోధుమతో చేసిన పాస్తాలో మాంసకృత్తులు పిండిపదార్థాన్ని వలలాగా పట్టి ఉంచుతాయి. అంచేత అది నెమ్మదిగా అరిగి, రక్తంలో చక్కెరని తెల్లన్నమంత జోరుగా పెంచదు. ఆ వల తెగేదాకా, అంటే నా మొదటి ఆదివారంలాగా, ఉడికిస్తే ఆ లాభం తగ్గిపోతుంది. కొలత కూడా కావాలి. మనిషికి 75 గ్రాములు చాలు. పళ్ళెం నిండా తింటే గట్టి గోధుమైనా మెత్తని బియ్యమైనా ఒకటే.

"అంతా బాగానే ఉంది గాని, రాత్రిపూట మన తిండి మానేసి ఇదేమిటి?" అని మిత్రులొకరు అన్నారు. ఆ మాట నన్నూ కొన్నాళ్ళు పీకింది. తెలుగు పిల్లకి పప్పన్నం కన్నా పాస్తా ముద్దు కావడం మన చేతులతో మనం చేసుకుంటున్న నష్టమేమో అనిపించేది. తరవాత ఆలోచిస్తే, మన సేమ్యా కూడా ఈ జాతిదే కదా. ఎండు పాస్తా గురించిన పాత ప్రస్తావనల్లో పేరుపడ్డది ఒక అరబ్బు పండితుడిది. అల్ ఇద్రీసీ 1154లో సిసిలీ రాజు రోజర్ కోసం పూర్తిచేసిన భూగోళ గ్రంథంలో, పలెర్మో దగ్గర ట్రబియా అనే ఊళ్ళో 'ఇత్రియా' తయారుచేసి ఓడలకెత్తి దేశదేశాలకి పంపేవారని రాశాడు. మార్కోపోలో పుట్టడానికి నూరేళ్ళ ముందు మాట అది. ఇక మనం మనదనుకునే మిరపకాయ, టమాటా అమెరికా ఖండం నుంచి వచ్చినవి. మిరపని పోర్చుగీసువాళ్ళు పదహారో శతాబ్దంలో మన తీరానికి తెచ్చారు. 1507 నుంచి 1650 దాకా ఈ మస్కట్ రేవు కూడా వాళ్ళ చేతిలోనే ఉండేది. ఎప్పుడు వచ్చిందన్నది కాదు గావును, ఎవరి పొయ్యి మీద ఎన్నాళ్ళు ఉడికిందన్నది ముఖ్యం. మిగతా అయిదు రోజులూ మా ఇంట్లో అన్నమే. గోంగూర కూడా ఉంటుంది.

భోజనానికి చివర పళ్ళు. పళ్ళ శాఖ పాపది. ఆ కాలంలో ఏది వస్తే అదే కోసి పెట్టాలని దానికి నియమం పెట్టాం. అల్ ఖౌద్‌లో ఉంటూ కాలాలు రెండే, ఎండాకాలం, మరీ ఎండాకాలం, అని మేము జోకులేసుకునేవాళ్ళం. పళ్ళు చూడడం మొదలెట్టాక అది నిజం కాదని తెలిసింది. మే ఆఖరుకి తొలి ఖర్జూరం 'నగాల్' పసుప్పచ్చగా దిగుతుంది. వెనకే ఒమానీ మామిడి. జులైలో రకరకాల పచ్చి ఖర్జూరాలు, ఖలాస్, ఖునైజీ. సెప్టెంబరు వచ్చేసరికి జబల్ అఖ్దర్ కొండ మీది దానిమ్మలు. చలికాలంలో కమలాలు, జామ, సలాలా నుంచి బొప్పాయి, అరటి. చలికాలం వెళ్ళే రోజుల్లో సిద్ర్ చెట్టు కింద చిన్న చిన్న పళ్ళు రాలి ఉంటాయి. పాప ఏరుకొస్తే చూద్దును గదా, మన రేగిపళ్ళకి దగ్గర చుట్టాలు. భోగిపళ్ళకి ఇండియా నుంచి వచ్చేవాళ్ళని బతిమాలుకునే తిప్పలు మాకిక లేవు. జామలో కమలాపండుకన్నా ఎక్కువ విటమిన్ సీ ఉంది. భోజనంతో పాటు అది తింటే ఆకుకూరల్లో ఉన్న ఇనుము ఒంటికి బాగా పడుతుంది. టీ ఆ ఇనుమునే అడ్డుకుంటుంది. అందుకని మా ఆవిడ టీని భోజనానికి ఒక గంట దూరం జరిపాం.

ఇలా ఆరు నెలలు గడిచాక, 2024 మేలో మా అమ్మ వచ్చింది. నాన్నగారు పోయాక తొలిసారి రావడం. ఆవకాయ జాడీతో దిగింది. అప్పటికి పెద్ద పళ్ళ మార్కెట్టు ఇంకా మాకు దగ్గర్లో మవాలెహ్‌లోనే ఉంది. ఆ జూన్ నెలాఖరుకి బర్కా వైపున్న ఖజాయిన్‌కి తరలిపోయింది. అమ్మని అక్కడికి తీసుకెడితే మన దేశపు మామిడిపళ్ళ పెట్టెల ముందు నుంచి చకచకా నడిచిపోయింది. "ఇంత దూరం వచ్చి మన పళ్ళే కొనుక్కోవాలా?" అని ఒమానీ మామిడి కొనిపించింది. తిన్నాక, "నూజివీడు రసం ముందు దిగదుడుపే గాని, పాపం తీపిగానే ఉంది" అని తీర్పిచ్చింది. ఖాలా తనవాళ్ళ తోట నుంచి వచ్చిన నగాల్ పళ్ళు పంపితే ఒకటి నోట్లో వేసుకుని, "ఒరేయ్, ఇవి మన ఈతపళ్ళకి పెద్దమ్మలురా" అంది.

అసలు చిక్కు ఆదివారం సాయంత్రం వచ్చింది. నేను వంటింట్లో ఉండి, కోడలు గదిలో పరీక్ష పేపర్లు దిద్దుకోవడం అమ్మ చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు. కోడి కడగకుండా ఉప్పు పట్టించానని తెలిసినప్పుడు మాత్రం ఉండబట్టలేకపోయింది. "కడక్కుండా వండుతావా? అదేం చదువురా నీది?" అంది. సూక్ష్మజీవుల సంగతి చెప్పాను. వినలేదు. ఆఖరికి రాజీ కుదిరింది. గిన్నెలో నీళ్ళు పోసి, పసుపువేసి, చిందకుండా తనే కడుగుతుంది. ఆ తరవాత తొట్టీ, గట్టూ సబ్బుతో నేను తోముతాను.

ఏడున్నరకి పళ్ళాలు పెట్టి పిలిస్తే అమ్మ గరిటె పట్టుకుని నిలబడింది. "మీరు కూర్చోండి. నేను తరవాత తింటాను" అంది. ఎంత చెప్పినా కూర్చోలేదు. మేము తిన్నాక వంటింట్లో చిన్న పీట మీద కూర్చుని, చల్లారిన పాస్తాలో ఆవకాయ నంజుకుని తింది. మంగళవారమూ అంతే. మరుసటి ఆదివారం పాప చెయ్యి పట్టి లాగి కుర్చీలో కూర్చోబెట్టింది. "నానమ్మా, వడ్డించడం నాన్నకి వచ్చు" అంది. అమ్మ కుర్చీ అంచున కూర్చుని మంచినీళ్ళకని ఒకసారి, ఉప్పుకని ఒకసారి లేచింది. రెండూ బల్ల మీదే ఉన్నాయి.

మూడో వారం మంగళవారం పాప నిద్రకి వెళ్ళాక అమ్మ మామిడిపండు చెక్కుతూ, ఎవరితోనో కాదన్నట్టు అంది. "మీ నాన్నగారితో ముప్పయ్యెనిమిదేళ్ళు కాపురం చేశాను. ఒక్కపూట కూడా ఎదురుగా కూర్చుని తినలేదు. ఆయన వద్దనలేదు. నేనూ అడగలేదు. ఆయనకి వంకాయ తొడిమ నమలడం ఇష్టమని పళ్ళెం తీసేటప్పుడు తెలిసేది. తింటూండగా ఆయన మొహం ఎట్లా ఉండేదో నాకు గుర్తు లేదురా."

మా ఆవిడ లేచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. నేను గిన్నెలు తోమడానికి వెళ్ళిపోయాను. నేను పుట్టి పెరిగిన ఇంట్లో జరిగిందే, అల్ ఖౌద్‌లో రెండో అంతస్తులో, కరెంటు పొయ్యి పక్కన, నేనూ రెండేళ్ళు జరిపించాను. నేనూ వద్దనలేదు. ఆవిడా అడగలేదు. పాప అడగబట్టి సరిపోయింది.

అమ్మ మూడు నెలలుండి వెళ్ళింది. మధ్యలో పరీక్షలు చేయిస్తే నాది 5.8కి దిగింది. మా ఆవిడది 12 దాటింది. ఇదంతా పాస్తా మహిమ అని చెబితే డాక్టర్ల సంఘం నన్ను వెలివేస్తుంది. ఆవిడ రక్తం ఇనుము మాత్రలతో పెరిగింది. నాది తగ్గడానికి పెందలాడే తినడం, తక్కువ తినడం, ఎనిమిదింటికి ముగ్గురం మా వీధి చివరిదాకా నడిచి రావడం కలిసి పనిచేశాయి. వేళకి భోజనమవబట్టి ఆ నడక సాధ్యమైంది.

ఇప్పటికీ సోమ, బుధ, గురువారాలు నేను తొమ్మిదిన్నరకే వస్తాను. మా ఆవిడ నా కోసం కాచుకోవడం లేదు. పాపతో కలిసి ఏడున్నరకి తినేస్తుంది. నేను రాగానే మజ్జిగా, ఏదో ఒక పండూ తీసుకుని ఊరుకుంటాను. కొన్ని ఆదివారాలు అత్యవసరం కేసు వచ్చి మా ఏర్పాటు చెడుతుంది. అప్పుడు పాప స్టూలెక్కి ఉల్లిపాయలు తరగడం మొదలెడుతుందట, తల్లి కత్తి లాక్కునేదాకా.

ఇక్కడ ఏడున్నరైతే మన ఊళ్ళో తొమ్మిది. ఆది, మంగళవారాలు అమ్మ ఆ వేళకి ఫోను చేసి, "ఏం వండావురా?" అంటుంది. అడిగేది నన్ను, వినేది పాపని. పోయిన వారం మాటల్లో, "నేనూ పక్కింటి పిన్నిగారూ ఇప్పుడు రాత్రిపూట కలిసే తింటున్నాం" అని చెప్పింది. ఎవరు ముందు పిలిచారని అడిగాను.

"నేనే" అంది.